పక్కసీటు బ్రేకు

“ఆ నంబరు ఇవ్వండి బావగారూ” అని కోడలు అడగడం ఇది నాలుగోసారి. నాలుగోసారి కూడా పెద్దోడు చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడే తప్ప ఫోను తియ్యలేదు.

గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. టీవీ నడుస్తోంది గాని మాట వినపడదు. గొడవ మొదలవగానే పెద్దోడే దాని నోరు నొక్కేశాడు. తెర మీద రెండో టెస్టు ముక్కలు మళ్లీ మళ్లీ వేస్తున్నారు. ఈ ఇంట్లో అందరూ పొడుగోడని పిలుచుకునే ఫాస్ట్ బౌలరు పరిగెత్తుకొస్తాడు. బ్యాటు పట్టుకుని ఎదురుగా ఉన్నది పెద్దోడి తమ్ముడు, చిన్నోడు. బంతి లేస్తుంది. చిన్నోడి హెల్మెట్‌కు, ఎడమ చెవి పైన, తగులుతుంది. చిన్నోడు ఓ అడుగు పక్కకు తూలి నిలదొక్కుకుంటాడు.

పొద్దుటి నుంచి అది పదకొండోసారి. ప్రతిసారీ సోఫాలో ఉన్న పెద్దోడి కుడికాలు నేలను గట్టిగా నొక్కుతోంది. డ్రైవింగు నేర్పేవాళ్లకు అదొక అలవాటు. ఎదుట ఏదైనా వేగంగా వస్తే, కారులో ఉన్నా లేకపోయినా, ఆ కాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది.

ఇన్‌స్పెక్టరు గారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూస్తున్నారు. తూనికలు కొలతల శాఖ నుంచి రిటైరై ఎనిమిదేళ్లయినా వీధిలో అందరికీ ఆయన ఇన్‌స్పెక్టరు గారే. ఇల్లాలు పోయి మూడేళ్లు. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా మధ్యలోకి వెళ్లి సర్దిచెప్పే పని ఆవిడది. ఆవిడ పోయాక అది ఆయన మీద పడింది. ఇంకా చేతకాలేదు.

కోడలు, అంటే చిన్నోడి భార్య, కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. మామూలుగా చీకటి పడితేగాని ఇంటికి రాదు. ఇవాళ పన్నెండున్నరకే వచ్చేసింది. తెల్లకోటు విప్పడం కూడా మరిచిపోయింది. వస్తూనే చెప్పుల కాళ్లతోనే నిలబడి, మీ తమ్ముడు ఈ మ్యాచ్ ఆడకూడదు, జట్టు డాక్టరుతో నేను మాట్లాడాలి అంది. అప్పటి నుంచి ఇదే.

డాక్టరు నంబరు ఒక్క పెద్దోడి దగ్గరే ఉంది. టూరుకు బయల్దేరే ముందు బోర్డువాళ్లు నింపమన్న కాగితంలో, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అన్నచోట చిన్నోడు అన్న పేరు రాశాడు. డాక్టరు నంబరూ మేనేజరు నంబరూ ఆ మనిషికే ఇస్తారు. పదేళ్లుగా ప్రతి కాగితంలోనూ అదే రాస్తున్నాడు. పెళ్లయి రెండేళ్లయిందన్న సంగతి ఆ చేతికి ఇంకా తెలిసినట్టు లేదు. ఆ కాగితం గురించి కోడలికి ఇవాళే తెలిసింది. విని, సరే అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఇన్‌స్పెక్టరు గారికి భయంగా ఉంది.

అక్కడ పొద్దుటి పూట. ఇక్కడి లెక్కన ఒకటిన్నరకు ఆటగాళ్లు బస్సు ఎక్కుతారు, రెండింటికి మైదానం చేరతారు. దిగగానే అందరి ఫోన్లూ, డాక్టరుదీ కలిపి, సంచిలో వేసి సీలు వేసేస్తారు. బెట్టింగువాళ్ల బెడద తప్పించుకోవడానికి పెట్టుకున్న పద్ధతి అది. ఆట ముగిసేదాకా మేనేజరు ఫోను ఒక్కటే మోగుతుంది. మూడింటికి టాస్. సిరీస్ ఒకటీ ఒకటిగా ఉంది. ఇవాళ మొదలయ్యేది ఆఖరి టెస్టు.

పెద్దోడు కోపం రానివ్వకుండా, కొత్తగా స్టీరింగు పట్టినవాళ్లకు చెప్పినట్టే నిదానంగా చెప్పుకొచ్చాడు. దెబ్బ తగిలి తొమ్మిది రోజులైంది. అప్పుడే డాక్టరు లోపలికి తీసుకెళ్లి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పరీక్ష పెట్టాడు. సీజను మొదట్లో ఆటగాళ్లందరికీ ఓసారి ఆ పరీక్ష పెట్టి మార్కులు దాచిపెడతారు. తలకు దెబ్బ తగిలితే మళ్లీ పెట్టి, రెండూ పోల్చి చూస్తారు. చిన్నోడివి సరిపోయాయి. సరిపోయాకే కదా మళ్లీ వెళ్లి డెబ్బై ఒకటి కొట్టాడు. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. యంత్రం బాగుందన్న బుర్రని మనం బాగాలేదంటే నవ్విపోతారు.

కోడలు వేళ్లు మడిచి లెక్కపెట్టలేదు గాని, చెప్పినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి గదిలో నిలబడ్డాయి. హోటలు గదిలో పగలు కూడా తెరలు వేసుకునే ఉంటున్నాడు. మెసేజీలు టైపు చెయ్యడం మానేశాడు, మాటల్లో పంపుతున్నాడు. తన గొంతు తనకే నచ్చదని ఎన్నడూ ఆ పని చేసే మనిషి కాడు. లిఫ్టులో కెప్టెను చెప్పులు మారిపోయిన కథ సోమవారం చెప్పాడు, మంగళవారం చెప్పాడు, నిన్న కూడా కొత్తగా చెప్పి తనే నవ్వాడు. ఫోనులో ఏదైనా చదవాలంటే ఎడమకన్ను మూస్తున్నాడు.

“మొగుడు కన్నుకొడితే కూడా రోగమేనా” అన్నాడు పెద్దోడు, గాలి కాస్త తేలిక చేద్దామని.

ఎవరూ నవ్వలేదు. అతనికీ నవ్వు రాలేదు.

“ఇవాళ పన్నెండింటికి వీడియోలో మా దుకాణం చార్టు చూపించాను” అంది కోడలు. ఈసారి మామగారి వైపు తిరిగి చెప్పింది. “కుడికన్ను మూసుకుని కింది వరుస చదవమన్నాను. గడగడా చదివేశారు మామయ్యా. ఒక్క అంకె కూడా తడబడలేదు.”

“మరింకేం?” అన్నాడు పెద్దోడు.

“మీ తమ్ముడు టూరుకు వెళ్లాక చార్టు మార్చాం బావగారూ. పాతది చిరిగిపోయింది. నేను చూపించింది కొత్తది. ఆయన చదివింది పాతది.”

పెద్దోడి చెయ్యి జేబు మీద నుంచి జారింది.

పెళ్లికి ముందూ, అయ్యాక కూడా, చిన్నోడు ఊళ్లో ఉంటే సాయంత్రాలు ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె పని అయ్యేదాకా ఎదురుగా ఉన్న చార్టే అతనికి కాలక్షేపం. నా కోసం కూర్చుంటున్నాడని మురిసిపోయాను గాని కూర్చుని బట్టీ పడుతున్నాడనుకోలేదు, అంది కోడలు.  ఆ తర్వాత జరిగింది కూడా చెప్పింది. దొరికిపోయానని అతనికి అర్థమైంది.  తర్వాత, ఈ ఒక్కటీ ఆడనివ్వు అన్నాడట. అన్నయ్యకు చెప్పకు అని కూడా అన్నాడట.

ఆ చివరి మాటకు పెద్దోడు తల పక్కకు తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారికి దాహం వేసింది. గ్లాసు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. మంచినీళ్లు, పక్కన మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర. ఇంత గొడవలోనూ కోడలు ఎప్పుడు తెచ్చిపెట్టిందో ఆయన చూడలేదు. ఆ మాత్రను చూస్తూ ఉంటే, ఇన్నాళ్లూ దాచుకున్న మాట ఇక లోపల ఉండనంది.

సీజను మొదట్లో ఒక ఉదయం వరండాలో అన్నదమ్ములిద్దరూ నవ్వుకుంటున్నారు. ఆయన టీ కప్పులు పట్టుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. మర్నాడు చిన్నోడికి ఆ కంప్యూటరు పరీక్ష. పెద్దోడు సలహా చెబుతున్నాడు. అన్నీ కరెక్టుగా చెప్పెయ్యకు, పది మాటల్లో నాలుగు మరిచిపో, మీట కొంచెం ఆలస్యంగా నొక్కు, రేపెప్పుడైనా దెబ్బ తగిలినా మార్కులు సరిపోతాయి, జట్టులో సగంమంది అలాగే చేస్తారు.

ముప్పై ఏళ్లు తూకపు రాళ్లు తిరగేసి చూసిన మనిషి. అడుగున సీసం తోడేసిన రాయిని చేత్తో పట్టుకోగానే చెప్పేవారు. అలాంటి రాయి పెట్టి తూస్తే ముల్లు ఎప్పుడూ మధ్యలోనే నిలబడుతుంది, కొనేవాడికి ఏమీ తెలియదు. ఆ కిటుకు పట్టుకుని ఎన్ని దుకాణాల మీద కేసులు రాశారో ఆయనకే గుర్తులేదు. ఆ రోజు మాత్రం టీ కప్పులు బల్ల మీద పెట్టి, పంచదార సరిపోయిందా అని అడిగి వచ్చేశారు.

అదంతా ఇప్పుడు చెప్పారు. ఏమీ తగ్గించకుండా, ఎవరినీ తిట్టకుండా, తను టీ కప్పులతో నిలబడ్డ సంగతితో సహా. కోడలు చెప్పులు విప్పి, మెల్లగా నేల మీద కూర్చుంది.  గడియారం ఒకటిన్నర దాటేసింది.

“మీకు తెలుసా మామయ్యా?” అంది చివరికి.

“తెలుసమ్మా.”

“మొన్న డెబ్బై ఒకటి కొట్టినప్పుడు వీధంతా స్వీట్లు పంచారు.”

“పంచానమ్మా” అన్నారాయన.

ఆమె ఇంకేమీ అనలేదు. అంటే బాగుండుననుకున్నారు ఆయన.

పెద్దోడు లేచి గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం మొదలుపెట్టాడు. ఎవరూ అడక్కుండానే మాట్లాడాడు. ఎవరితోనన్నది అతనికే తెలియనట్టుంది. పన్నెండేళ్లు రోజుకు మూడొందల బంతులు వేశాను వాడికి. నా భుజం అక్కడే పోయింది. ఇప్పటికి కూడా పై అరలో డబ్బా తియ్యాలంటే నాకు స్టూలు కావాలి. ఆరేళ్లు వెయిటింగు, రెండుసార్లు తీసేశారు, మూడోసారి వచ్చిన ఛాన్సు ఇది. ఇవాళ తప్పుకుంటే పక్కన కాచుకుని కూర్చున్న ఆ ఎడమచేతి కుర్రాడు దిగుతాడు. వాడు దిగి ఓ యాభై కొడితే ఇక మనవాడి సంగతి ఎవరూ ఎత్తరు. ఇవన్నీ నేను నా కోసం చేశానా?

“నీ కోసం కాదురా” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. “అందుకే నేనూ నోరు మూసుకున్నాను.”

పెద్దోడు ఆగాడు. జేబులోంచి ఫోను తీశాడు. డాక్టరు నంబరు తనే నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు. ఆ నంబరు స్విచాఫ్‌లో ఉందని ఓ ఆడగొంతు రెండు భాషల్లో చెప్పింది. టైము రెండూ ఐదు.

అతని మొహంలోకి ఓ క్షణం ఊరట వచ్చింది. అది తనకే తెలిసినట్టుంది, వెంటనే సిగ్గుపడ్డాడు.

“మేనేజరుంటాడుగా” అంది కోడలు.

అది వేరే సంగతని పెద్దోడు చెప్పాడు. డాక్టరైతే చెవిలో వేస్తే సరిపోయేది, ఏ కండరమో పట్టేసిందని పక్కన కూర్చోబెట్టేవాడు. మేనేజరుకు చెబితే కాగితం ఎక్కుతుంది. పరీక్షలో మోసం చేశాడని బోర్డుకు రిపోర్టు వెళ్తుంది. ఏడాదో రెండేళ్లో ఆడొద్దంటారు. ఇప్పుడు వాడికి ముప్పై రెండు. నేర్పినవాడెవడని కూడా అడుగుతారు. ఆ మాట దగ్గర అతను కొంచెం ఆగి, అడగనీ, నాకేం పోయింది అన్నాడు. కాని ఫోను మళ్లీ జేబులోకే వెళ్లింది.

రెండింటికి రావాల్సిన విద్యార్థినికి ఇవాళ క్లాసు లేదని అతను పొద్దున్నే చెప్పేశాడు. మూడుసార్లు లైసెన్సు పరీక్ష తప్పిన పెద్దావిడ. బతికిపోయాననుకుని ఉంటుంది. కారు వీధిలో, కిటికీ ఎదురుగానే, నీడలో ఆగి ఉంది. నెత్తి మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం పలక.

కోడలు నేల మీద కూర్చునే ఆ కారు వంక చూసింది.

“మీ కారులో మీ వైపు కూడా ఓ బ్రేకు ఉంటుంది కదా బావగారూ?”

అతను కూడా కిటికీ వైపు చూశాడు.

“స్టీరింగు మీ చేతిలో ఉండదు. నడిపేది వాళ్లే. అయినా ఆ బ్రేకు పెట్టారు. దేనికి?”

“అది వేరమ్మా.”

“వేరే. అక్కడ మీరు ముక్కూమొహం తెలియని వాళ్లను కాపాడతారు.”

పెద్దోడి మొహం నల్లబడింది. చురుక్కున ఏదో అనబోయాడు. ఆమె ఇంకా అయిపోలేదు. గొంతు పెంచకుండానే అంది. “ఆయన నాతో జన్మలో మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మీ అందరూ నన్నే తప్పుపట్టినా సరే. ఆయనకు నేను కనిపిస్తే చాలు. రెండు కళ్లతో.”

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్లు పోతూనే ఉన్నాయి, గిన్నె చప్పుడు మాత్రం లేదు. ఇన్‌స్పెక్టరు గారు వెళ్లబోయి ఆగారు. ఏడుపును కుళాయి కింద దాచుకునే హక్కు మనుషులకు ఉండాలని ఆయన భార్య అనేది. ఆమె పోయాక ఆయనకు కూడా ఆ కుళాయి కొన్నాళ్లు పనికొచ్చింది.

తెర మీద పాత ముక్కలు ఆగిపోయి మైదానం వచ్చింది. ఎండ, గడ్డి, ఇంకా సగమే నిండిన మెట్లు. ఆటగాళ్లు ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. కెమెరా ఒక్కొక్కరినీ చూపించుకుంటూ వెళ్లి చిన్నోడి దగ్గర ఆగింది. ఎవరో పది అడుగుల నుంచి మెత్తగా బంతులు విసురుతున్నారు. చిన్నోడు వాటిని అడ్డుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు. అన్నీ బ్యాటు మధ్యలోనే తగిలాయి.

“బాగానే ఆడుతున్నాడు” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, కాస్త ఆశగా.

 పెద్దోడు టీవీ దగ్గరకు వెళ్లి, దాదాపు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. మరో రెండు బంతులు చూశాడు.

“ఛాతీ తిప్పేస్తున్నాడు” అన్నాడు.

“అంటే?”

“ఎడమ భుజం ఎదురుగా పెట్టి నిలబడతాడు నాన్నా వాడు. పన్నెండేళ్లు అలాగే నిలబెట్టాను. ఇప్పుడు చూడండి, మొహమంతా ఇటు తిప్పేశాడు. కుడికన్నుతో చూసుకుంటున్నాడు.” ఇంకా చిన్న గొంతుతో అన్నాడు. “ఆ డెబ్బై ఒకటిలో కూడా చివర చివర ఇలాగే నిలబడ్డాడు. నేను చూశాను. స్టయిలు మార్చాడనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.”

కుళాయి ఆగింది. కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నా మొహం కడుక్కుని వచ్చింది.

పెద్దోడు ఫోను తీసి తండ్రి ఒళ్లో పెట్టాడు. మేనేజరు పేరు వెతికి చూపించాడు. మీరు మాట్లాడండి నాన్నా, నావల్ల కాదు అని, సోఫాలో కూలబడ్డాడు.

మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి లైను కలవలేదు. మూడోసారి బిజీ. కోడలు గుమ్మం దగ్గరే నిలబడి గడియారాన్నే చూస్తోంది. ఇన్‌స్పెక్టరు గారి వేలు జారి ఒకసారి వేరే ఎవరికో వెళ్లింది, ఓ టైర్ల దుకాణం మనిషి హలో అన్నాడు, క్షమించమని పెట్టేశారు. ఆ మనిషి ఫర్వాలేదు పెద్దాయనా అన్నాడు. ఎందుకో ఆ ఒక్క మాటకు ఆయన వేలు కాస్త కుదురుకుంది.

రెండూ యాభై రెండుకు మేనేజరు ఎత్తాడు.

ఇన్‌స్పెక్టరు గారు తనెవరో చెప్పారు. తర్వాత వరండా సంగతి చెప్పారు. మొదటి పరీక్ష తప్పుడు పరీక్ష, దాంతో పోల్చి చూసిన రెండోది చెల్లదు, అబ్బాయికి ఎడమకన్ను సరిగా కనిపించడం లేదు, దయచేసి ఇవాళ దింపకండి. ఒకప్పుడు కోర్టులో సాక్ష్యం చెప్పినట్టే, వరస తప్పకుండా చెప్పారు.

అవతల మైదానం హోరు వినపడుతోంది.

“పెద్దాయనా, మ్యాచ్ రోజు నాకు ఇలాంటి ఫోన్లు పది వస్తాయి” అన్నాడు మేనేజరు. కటువుగా అనలేదు. “ఒకడు ఫలానావాడి మోకాలు పోయిందంటాడు, ఇంకొకడు వాడి తండ్రినంటాడు. పందేలు కాసేవాళ్లు. మీ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఈ నంబరు వాళ్ల అన్నయ్యది.”

“వాడు నా పక్కనే ఉన్నాడండి.”

“అయితే ఆయన్నివ్వండి. నా దగ్గర ఉన్న కాగితంలో ఆయన పేరే ఉంది. ఆయన గొంతు నాకు తెలుసు. ఈ మాట ఆయన చెబితే కెప్టెన్ని ఆపుతాను. టాస్‌కు ఇంకా ఆరు నిమిషాలుంది. పేర్ల కాగితం అవతలివాళ్ల చేతికి వెళ్లిందంటే ఇక నా చేతిలో లేదు.”

ఇన్‌స్పెక్టరు గారు ఫోను చాపారు.

పెద్దోడు దాన్ని చూశాడు. కోడల్ని చూశాడు. ఆమె బతిమాలలేదు. వచ్చి సోఫాలో అతని పక్కన, ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి, కూర్చుంది. ఇంట్లో మ్యాచ్ చూసేటప్పుడు చిన్నోడు కూర్చునే చోటు అది.

తెర మీద కెప్టెను మెట్లు దిగి గడ్డి మీద అడుగు పెట్టాడు. చేతిలో మడిచిన కాగితం. వెనక దూరంగా, ఇంకా బంతులు అడ్డుకుంటున్న చిన్నోడు ఓ క్షణం ఆగి, గ్లవుజు చేత్తో ఎడమకన్ను తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

పెద్దోడు ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“చెప్పండి” అంది అవతలి గొంతు. “హలో. ఉన్నారా?”

కెప్టెను పిచ్ వైపు నడుస్తున్నాడు. పెద్దోడి పెదాలు ఇంకా విడలేదు. కుడికాలు మాత్రం నేలను నొక్కుతోంది. సోఫా ఒక అంగుళం వెనక్కి జరిగేంత గట్టిగా నొక్కుతోంది.